ఆదివారం పన్నెండు నుంచి నాలుగు దాకా

2017 సెప్టెంబరు 21, గురువారం

ఈ డైరీ జనవరిలో ఐసు ఫ్యాక్టరీ వాళ్ళిచ్చారు. వాళ్ళ దగ్గర ఐసు కొని చేపలమ్ముకునే ఆడవాళ్ళందరికీ ఒక్కొక్కటి. మా పేటలో మిగతావాళ్ళు పిల్లలకి ఇచ్చేశారు. నేను పది పాసయ్యాను, సంఘం తీర్మానాలు రాసేది నేనే, అందుకని దాచుకున్నాను. ఇప్పుడు దీనికి పనికొచ్చింది.

నిన్నటితో పదకొండో రోజు అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ ప్రతి ఒక్కరూ దేవుడలా రాశాడు అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. దేవుడేం రాశాడో నాకక్కర్లేదు. ఆ రోజు ఆసుపత్రిలో ఎవరేం రాశారో అది కావాలి నాకు.

నోటితో చెప్పబోతే ఏడుపొస్తోంది. ఏడిస్తే ఎవరూ వినరు, ఊరుకో ఊరుకో అంటారు. అందుకే రాస్తున్నాను, టైములు మరిచిపోకముందే.

నా కూతురు రేఖ. పదిహేనేళ్ళు. పదో తరగతి. సెప్టెంబరు పది, ఆదివారం. శనివారం జ్వరమొచ్చింది, ఆదివారం పొద్దున్నే ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. పదిన్నరకి చీటీ రాయించాను. పదకొండుంపావుకి డ్యూటీ డాక్టరు చూశాడు. కుర్రవాడు, ముప్పై ఉంటాయేమో. ఎప్పటినుంచి అని అడిగాడు, చెప్పాను. అడిగినవన్నీ చెప్పాను. ఏదీ దాచలేదు. చెయ్యి పట్టుకుని జ్వరం లేదు కదా అన్నాడు. కడుపులో నొప్పంటోంది, రెండుసార్లు వాంతయింది అన్నాను. సెలైను పెట్టి, గంటగంటకీ బీపీ చూడమని నర్సుకి చెప్పి వెళ్ళిపోయాడు. రెండు నిమిషాల పని. పదకొండు నలభైకి మంచమిచ్చారు. నర్సు అక్కడే నిలబడి కాగితం రాసుకుని వెళ్ళిపోయింది. మంచానికి ఎదురుగా గోడ గడియారం. అందుకే నాకు టైములన్నీ తెలుసు.

పన్నెండున్నరకి సెలైను ఆగిపోయింది. సూది గుచ్చిన చోట చెయ్యి వాచింది. పన్నెండు నలభైకి నర్సు బల్ల దగ్గరికి వెళ్ళాను. "జ్వరం లేదు కదమ్మా, ఎందుకంత కంగారు, వస్తాం వెళ్ళు" అంది. రాలేదు. ఒంటి గంట యాభైకి మళ్ళీ వెళ్ళాను. చేతులు చల్లబడిపోతున్నాయని చెప్పాను. "ఫ్యాను కింద చల్లగానే ఉంటాయి. డాక్టరుగారు భోజనానికెళ్ళారు" అంది. మూడింటికి వెళ్తే బల్ల దగ్గర ఎవరూ లేరు. డాక్టరు గదికి తాళం. వాచ్‌మన్ నాలుక్కొస్తారన్నాడు. పక్క మంచం మీద ఒక ముసలావిడ, తనకే ఆయాసం, లేచి వచ్చి రేఖ అరికాళ్ళు రుద్దింది. నాలుగూ ఐదుకి డాక్టరొచ్చాడు. పిల్లని చూడగానే అతని మొహం మారిపోయింది. అప్పుడు పరుగులు. అప్పుడు పెద్ద ఊరు తీసుకెళ్ళండన్నాడు. నాలుగూ యాభైకి 108 లోకి ఎక్కిస్తుంటే నా చేతుల్లోనే పోయింది.

పన్నెండు నుంచి నాలుగు దాకా ఒక్కరు రాలేదు. ఈ మాట వాళ్ళ చేత కాగితం మీద రాయించాలి. నాకు ఇంకేమీ వద్దు.

సెప్టెంబరు 22

చేపలకి వెళ్ళలేదు. నాతో బజారులో చేపలమ్మే జగ్గమ్మ అప్ప గంజి కాచి పెట్టింది. తాగలేదు.

సెప్టెంబరు 24, ఆదివారం

ఆదివారాలు ఇంకా వస్తున్నాయి.

రేఖ నాన్న, మా ఎర్రన్న మావ, వెరావల్‌లో బోటు మీద ఉన్నాడు ఆ రోజు. మా పేట మగాళ్ళలో సగం మంది ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌లోనే ఉంటారు. బోటు ఒడ్డుకి రావాలి, రైళ్ళు మారాలి. వచ్చేసరికి బుధవారం అయింది. కూతుర్ని చూడలేదు. అప్పట్నుంచి వాకిట్లో కూర్చుని చిరగని వల కూడా బాగు చేస్తున్నాడు.

ఈ రోజు ఉన్నట్టుండి అడిగాడు. "జొరం ఎప్పుడొచ్చినాది?"

"శనోరం" అన్నాను.

"శనోరం ఎప్పుడు? పొద్దుటా, సాయంత్రమా?"

"నీకు తెల్దు, నువ్వు లేవు గదా" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. కానీ అన్నాను. అతను మళ్ళీ అడగలేదు.

సెప్టెంబరు 26, మంగళవారం

ఆసుపత్రి ఆఫీసుకి వెళ్ళాను. రేఖ కేసు షీటు కాపీ కావాలన్నాను. గుమాస్తా నా చీర వైపు చూశాడు. నా దగ్గర చేపల వాసన వస్తుందని నాకు తెలుసు, పదిహేను రోజులుగా బుట్ట ముట్టుకోకపోయినా వస్తుంది.

"కేసు షీటు మీకెందుకమ్మా. ఇంగ్లీషులో ఉంటుంది. చదవగలరా?"

"సదువుకోలేకపోతే సదివించుకుంటాను. ఇవ్వు బాబూ" అన్నాను.

ఇవ్వడానికి రూలు లేదన్నాడు. అయితే ఏ రూలు ప్రకారం లేదో అది రాసివ్వమన్నాను. కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయాడు. గంటన్నర అక్కడే నిలబడ్డాను. చివరికి ఇంకో గుమాస్తా, పాపం మంచివాడు, సమాచార హక్కు కింద అర్జీ పెట్టుకోండి, నెలరోజుల్లో ఇవ్వక తప్పదు అని చెవిలో చెప్పాడు. అక్కడే బల్ల మీద కాగితం పెట్టుకుని రాసేశాను. సంఘం తీర్మానాలు రాసిన చెయ్యి ఇది, ఒక్క కొట్టివేత లేదు.

సెప్టెంబరు 30

దసరా. పేటలో మైకు పెట్టారు. మా ఇంటి ముందుకొచ్చేసరికి సౌండు తగ్గించారు. తగ్గించకుండా ఉంటేనే బాగుండేది.

అక్టోబరు 5, గురువారం

ఉమాశంకర్ వచ్చాడు. పేట మొగలో చిన్న గది పెట్టుకుని సూదిమందులు వేస్తాడు. డాక్టరు చదువేమీ చదవలేదు గానీ మా అందరికీ అతనే డాక్టరు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు.

"అప్పా, ఆసుపత్రోల మీద కాగితాలు పెడతన్నావట. నా పేరేటయినా రాసినావేటి?"

"నీ పేరు నానెందుకు రాస్తాను."

"అదేలే. రాయకు. ఇద్దరికీ మంచిది" అని వెళ్ళిపోయాడు.

అతనికి దీనితో ఏం సంబంధం. నేను రాసేది పన్నెండు నుంచి నాలుగు దాకా జరిగిన దాని గురించి. ఇద్దరికీ మంచిది అంటాడేమిటి, వాడి మొహం.

అక్టోబరు 9

మళ్ళీ చేపలకి వెళ్ళాను. ఆమదాలవలస బజారులో నా చోటు జగ్గమ్మ అప్ప ఎవరికీ ఇవ్వకుండా కాపాడింది. బుట్టలో కానాగంతల చేపలు. పదకొండింటికల్లా అయిపోయాయి. కొనేవాళ్ళు బేరం ఆడలేదు. అందరికీ తెలిసిపోయిందన్నమాట. బేరమాడని మొహాలు చూడలేక తలొంచుకుని తూచాను.

అక్టోబరు 30, సోమవారం

వచ్చింది. రిజిస్టర్ పోస్టు. నాలుగు కాగితాలు.

జగ్గమ్మ అప్ప, నేను అరుగు మీద కూర్చున్నాం. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా అంకెలు ఏ భాషలోనైనా అంకెలే. బీపీ అని ఉన్న చోట పన్నెండు గంటలకి 110/70. ఒంటిగంటకి 110/70. రెండింటికి 110/70. మూడింటికి 110/70. ఒకే పెన్ను, ఒకే వాటం. బీపీ మిషను ఆ మంచం దగ్గరికే రాలేదు. నా పిల్ల చేతికి ఆ గుడ్డ పట్టీ ఒక్కసారి చుట్టలేదు. ఎవరి బీపీ ఇది? గోడదా? గడియారందా?

"మొత్తం సదవే, మొదట్నించీ సదువు" అంది అప్ప.

చదివాను. పేరు చదివాను, వయసు చదివాను, ఆ తర్వాత బీపీ దగ్గర్నుంచి చదివాను.

"మద్దెలో ఏదో లైనుంది గదే, ఏలు దాటేసినావు."

"అదేటి కాదు. ఊరికే రాసుకున్నారు" అన్నాను.

చివర్న డెంగీ కావచ్చు అని రాశారు. కావచ్చట. బతికున్నప్పుడు ఏమీ కాదన్నారు, పోయాక కావచ్చన్నారు.

నవంబరు 6, సోమవారం

కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. మావ కూడా వచ్చాడు. రెండు గంటలు లైన్లో నిలబడి ఇచ్చాం. బీపీ అంకెల కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఇచ్చాను. విచారణ వేస్తామన్నారు, తారీకు పోస్టులో వస్తుందట. మీరు చెప్పేదానికి సాక్షులెవరైనా ఉన్నారా అని అడిగారు.

ఉంది. అరికాళ్ళు రుద్దిన ముసలావిడ. పేరు గున్నమ్మ. ఊరు చీపురుపల్లి, రైలుగేటు దగ్గర ఇల్లు. ఆ నాలుగు గంటల్లో ఆవిడ రేఖతో చెప్తుంటే విన్నాను.

నవంబరు 10, శుక్రవారం

తారీకు వచ్చింది. 23, గురువారం. సాక్షులను వెంట తీసుకురావలెను.

నవంబరు 12, ఆదివారం

ఆమదాలవలసలో పాసింజరెక్కి చీపురుపల్లిలో దిగాను. రైలుగేటు దగ్గర రెండిళ్ళడిగేసరికి తెలిసింది. కొట్టిన నువ్వులు ఎండబెట్టుకుంటోంది. నన్ను చూసి పోల్చుకుంది. చేట పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుని తన దగ్గర కూర్చోబెట్టుకుంది.

విచారణ సంగతి చెప్పాను. కాగితం చూపించి, గంటగంటకీ బీపీ చూశామని రాశారు, నువ్వు చూశావు కదా, ఒక్కరైనా వచ్చారా అని అడిగాను.

"ఎవలొచ్చినారమ్మా. ఎవులూ రాలేదు. ఆ పిల్ల నీల్లు, నీల్లని నన్నడిగితే నానే తాగించినాను, నువ్వు బల్ల కాడికెల్లినపుడు."

"అదే సెప్పాల. వచ్చి ఆ ముక్క సెప్పాల" అన్నాను.

"వస్తాను. ఆయాసమయినా వస్తాను. గానీ ఒక మాట." ఆవిడ నా కళ్ళలోకి చూసింది. "నర్సమ్మ ఎన్నాళ్ళయింది జొరమంటే నువ్వు నిన్నటేల నించి అన్నావు. పిల్ల బుదోరం నించి గదమ్మా అంటంటే దాని సెయ్యి నొక్కీసినావు. నా మంచం ఎంత దూరముందని. నాను ఇన్నాను."

నేను కాగితం మడతపెట్టాను.

"పిలిస్తే వస్తాను. సూసిందంతా సెప్తాను, ఇన్నదంతా సెప్తాను. సగమే సెప్పమంటే మాత్రం రాను. ముందే సెప్తన్నాను, తరవాత నన్ననకు."

అన్నం తినమంది. తినలేదు. రైలు లేటు.

నవంబరు 13

గున్నమ్మ ముసలిది. చెవులు సరిగా వినపడవు.

నవంబరు 14

వినపడతాయి.

నవంబరు 16, గురువారం

జ్వరం బుధవారం రాత్రి వచ్చింది. శనివారం కాదు. బుధవారం, సెప్టెంబరు ఆరు. ఈ డైరీ ఎవరూ చదవరు, ఇందులో కూడా శనివారం అని రాసుకున్నాను. కేసు షీటులో నేను వేలు దాటేసిన లైను కూడా అదే, ఒక్కరోజు జ్వరమని. నాకు నేనే అబద్ధం చెప్పుకోవడానికి ఒక పేజీ ఖర్చుపెట్టాను.

గురువారం కవళ్ళ చేపలు వలల్లో విరగబడి పడ్డాయి. ఉమాశంకర్ చేత ఒక సూది వేయించి బుట్టెత్తుకుని వెళ్ళిపోయాను. శుక్రవారం ఇంకో సూది. ఆ రాత్రి బోటు ఎక్కబోతూ మావ ఫోన్ చేశాడు, రేఖకివ్వు అన్నాడు, నిద్రపోతోంది అన్నాను. మూలుగుతోంది. శనివారం మూడో సూది. ఆదివారం పొద్దున్న జ్వరం తగ్గింది. అమ్మయ్య అనుకున్నాను. తగ్గాకనే దాని మొహం ఏదోలా అయింది, అప్పుడు ఆటో పిలిచాను.

మరి నిన్నటి నుంచి అని ఎందుకన్నాను? మా పేటలో అందరం అలాగే అంటాం. నాలుగేళ్ళ కిందట మా అత్తకి కాలు పుండయి తీసుకెళ్తే ఒక నర్సు వార్డంతా వినేలా అంది, కుళ్ళబెట్టి తెచ్చి మా మొహాన పడేస్తారు, చేపలనుకున్నారా మనుషులని, అని. వార్డులో అందరూ నవ్వారు. అప్పట్నుంచి ఎవరు ఆసుపత్రికి వెళ్తున్నా ఆటో ఎక్కేటప్పుడే చెప్పి పంపిస్తాం. ఎన్నాళ్ళయిందంటే నిన్నే అను. సూదులు వేయించామని అనకు. అంటే ముందు తిట్లు, తర్వాతే వైద్యం. జగ్గమ్మ అప్పకి నేనే చెప్పి పంపించాను ఒకసారి, అప్పుడేమీ కాలేదు.

ఇంకోటి కూడా ఉంది. బజారులో రోజూ అదే నోరు. రాత్రంతా ఐసులో ఉన్న చేపని పట్టుకుని ఈ పొద్దుటిదేనమ్మా, ఇప్పుడే దిగింది అంటాను. ఇరవై ఏళ్ళుగా అంటున్నాను. ఎన్నాళ్ళయింది అని ఎవరడిగినా నా నోరు రోజులు తగ్గించే చెప్తుంది. అలవాటు. నర్సు అడిగినప్పుడు ఆలోచించను కూడా లేదు.

కానీ తర్వాత ఆలోచించాను. ఒంటి గంట యాభైకి బల్ల దగ్గరికి వెళ్తుంటే రేఖ అంది, "అమ్మా, నాలుగురోజులని సెప్పీయే ఈసారి." సరే అన్నాను. వెళ్ళాను. ఆ నర్సు మొహం చూశాను. ఇప్పుడు మాట మారిస్తే ఇందాకెందుకు అబద్ధమాడావని తిడుతుంది, కోపం పెట్టుకుని అసలే రాదు అనుకున్నాను. చెప్పలేదు. తిరిగొచ్చి, సెప్పీసినాను అమ్మడూ, వస్తారట అన్నాను.

ఇంక రాయను ఈ రోజు.

నవంబరు 18, శనివారం

మావకి చెప్పేశాను. మధ్యాహ్నం అన్నం పెట్టి, తిన్నాక చెప్పాను. తినకముందు చెప్తే తినడని.

కంచం తీసి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు. "శుక్కురోరం నిద్దరోతందన్నావు."

"అన్నాను."

"నిద్దరోలేదు."

"లేదు."

లేచి సముద్రం వైపు వెళ్ళిపోయాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. చీకటి పడకముందే తిరిగొచ్చి నా పక్కనే కూర్చున్నాడు. కోపం గొంతులో ఉంది గానీ మాట నెమ్మదిగానే ఉంది.

"సూడు కూర్మీ. నువ్వు నోరిప్పకపోతే ఆలకి తెల్దు. ఆ ముసిల్దాన్ని పిలవకు. ఈ సంగతి తెలిసినాదంటే ఆలు మొత్తం నీ నెత్తి మీదకి తోసీసి సేతులు కడుక్కుంటారు."

నిజమే. నాకూ తెలుసు. ఐదు రోజులుగా అదే లెక్క వేసుకుంటున్నాను. గున్నమ్మని పిలవకపోతే ఆ నాలుగు గంటల గురించి చెప్పడానికి నేనొక్కదాన్ని. నా మాట ఒకటి, వాళ్ళ కాగితం ఒకటి. పిలిస్తే నా అబద్ధం బయటికొస్తుంది.

"అయితే మరి ఆల బీపీ నిజమైపోతాది మావా. మూడింటికి మన గుంట బాగున్నాదని రాసినారు. బాగున్నాదా?"

అతను లేచి వల మడిచి పక్కన పెట్టాడు. "నానూ వస్తాను" అన్నాడు. క్షమించాడో లేదో నాకు తెలియదు. నేనడగలేదు. ఆ మాట అడిగే మొహం నాకు లేదు.

నవంబరు 20

గున్నమ్మకి ఫోన్ చేయించాను. మొత్తం చెప్పమన్నాను.

నవంబరు 22

ఉమాశంకర్ గదికి వెళ్ళి చెప్పాను, రేపు నీ పేరు చెప్తున్నాను అని. కాళ్ళావేళ్ళా పడ్డాడు. పిల్లలున్నారప్పా అన్నాడు. నాకూ ఉండేది అన్నాను.

నవంబరు 23, గురువారం

మొత్తం రాస్తాను, ఒక్క మాట వదలకుండా.

ఆసుపత్రి మేడ మీద గది. పొడుగుబల్లకి అటు ముగ్గురు. మధ్యలో ఒక ఆఫీసరమ్మ, నెరిసిన జుట్టు, నెమ్మదైన మనిషి. ఒక పక్క ఆ డ్యూటీ డాక్టరు, నర్సు. ఇటు నేను, మావ, గున్నమ్మ. గున్నమ్మ మెట్లెక్కి ఆయాసపడుతుంటే మావ తన కుర్చీ ఇచ్చి గోడకి నిలబడ్డాడు. డాక్టరు నా వైపు చూడలేదు. ఆ రోజు కంటే చిక్కిపోయాడు.

మీ ఫిర్యాదు చెప్పండి అంది ఆఫీసరమ్మ.

"ముందు నాది రాయండమ్మా. తరవాత ఆలది సెప్తాను. జొరం నిన్నటి నించి అని సెప్పినాను. అది అబద్దం. అప్పటికి నాలుగు రోజులయింది. ఊళ్ళో ఉమాశంకరని ఒకడున్నాడు, ఆడి సేత మూడు సూదులు ఏయించినాను. అదీ సెప్పలేదు."

డాక్టరు అప్పుడు తలెత్తాడు. అతని మొహంలో బరువు దిగినట్టయింది, నేను చూశాను.

"అదే మేడమ్" అన్నాడు. "ఒక్కరోజు జ్వరం అన్నారు. నాలుగో రోజని తెలిస్తే, జ్వరం తగ్గడమే ప్రమాదమని నాకు వెంటనే అనుమానం వచ్చేది. డెంగీలో అంతే. అప్పుడే పంపించేసేవాణ్ణి."

అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ సంగతి నేను చచ్చేదాకా మోస్తాను, ఇందులో ఎవరికీ వాటా ఇవ్వను.

ఆఫీసరమ్మ పెన్ను కింద పెట్టింది. "మీరే ఒప్పుకున్నారు కదమ్మా. ఇంకేముంది మరి?"

మావ గోడ దగ్గర్నుంచి నన్ను చూశాడు, చెప్పాను కదా అన్నట్టు.

"ఉన్నాదమ్మా. నాను సెప్పిన దాని వల్ల మందు మారతాది, ఒప్పుకుంటన్నాను. గది తాళమెందుకు పడతాది? ఒక్కరోజు జొరమని నమ్మే గదా ఈ బాబు గంటగంటకీ బీపీ సూడమన్నాడు. సూసినారా? మూడుసార్లెల్లి పిలిసినాను. సేతులు సల్లబడిపోతన్నాయని సెప్పినాను, అది అబద్దం కాదు గదా. ఎన్నో రోజు జొరానికి పిలిస్తే వస్తారు మీరు? అది సెప్పండి. పేటలో అందరికీ సెప్పి పంపించుకుంటాం."

డాక్టరు నర్సు వైపు చూశాడు.

ఆఫీసరమ్మ గున్నమ్మని అడిగింది. గున్నమ్మ మొత్తం చెప్పింది. నేను పిల్ల చెయ్యి నొక్కింది చెప్పింది. సెలైను ఆగిపోయింది చెప్పింది. నీళ్ళు తాను తాగించింది చెప్పింది. "మిసను ఎవులూ తేలేదమ్మా. నాకు ఆయాసం గానీ కళ్ళు బాగానే ఉన్నాయి" అంది.

అప్పుడు నర్సు ఏడవడం మొదలుపెట్టింది. "నలభై మంచాలు మేడమ్, నేనొక్కదాన్నే. రెండో ఆమె సెలవు. మూడింటికి కాన్పు వార్డుకి పిలిస్తే అటు వెళ్ళాను. అంకెలు సాయంత్రం అన్నీ ఒకేసారి వేశాను" అంది. నాకు జాలేసింది. వేసినా ఏమీ అనలేదు. డాక్టరుగారు ఎక్కడున్నారని ఆఫీసరమ్మ అడిగింది. ఇంటికెళ్ళి పడుకుండిపోయాను అన్నాడు డాక్టరు. ముందు రోజు పొద్దుటి నుంచీ డ్యూటీలోనే ఉన్నాడట.

ఆఫీసరమ్మ రాసింది. చదివి వినిపించింది. జ్వరం వ్యవధి విషయంలో తల్లి అబద్ధం చెప్పినట్లు అంగీకరించినది. బీపీ నమోదులో లోపం జరిగినది. పన్నెండు నుండి నాలుగు వరకు రోగిని వైద్య సిబ్బంది ఎవరూ చూడలేదు. సంతకం పెట్టండి అని కాగితం నా వైపు తోసింది.

ఆ మూడో వాక్యం కోసమే రెండున్నర నెలలు తిరిగాను. చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదట్నుంచి చదివాను. ఈసారి ఏ లైనూ దాటెయ్యలేదు.

"నాది అబద్దమయితే ఆలది లోపమేటమ్మా?" అన్నాను.

"అది ఆఫీసు భాషమ్మా. అలాగే రాస్తాం."

"అయితే నాదీ లోపమనే రాయండి. లేపోతే రెండూ అబద్దమనే రాయండి. నాకు ఏదయినా పరవాలేదు. చేపలమ్ముకునే దానికొక మాట, మీకొక మాట ఉంటే మాత్రం నాను పెట్టను."

పక్కనున్న ఆఫీసరు, టైమవుతోందమ్మా అన్నాడు. నాకేం తొందర లేదన్నాను. ఇదే ఆసుపత్రిలో నాలుగు గంటలు కూర్చున్నదాన్ని, ఇంకో నాలుగు కూర్చుంటాను అన్నాను. అరవలేదు. అరిస్తే బయటికి పంపించేస్తారు.

ఆఫీసరమ్మ తన పక్కనున్న ఇద్దరి వైపూ చూసింది. తర్వాత పెన్ను తీసుకుని లోపం అన్న మాట కొట్టేసి, పైన అబద్ధం అని రాసింది. కొట్టివేత పక్కన పొట్టి సంతకం చేసింది.

అప్పుడు నేను నా అబద్ధం కింద సంతకం పెట్టాను. పూర్తి పేరు, కూర్మమ్మ, రేఖ తల్లి. పెట్టి, వాళ్ళ అబద్ధం కింద వాళ్ళు పెట్టడానికి కాగితం, పెన్ను డాక్టరు ముందుకి జరిపాను. అతను దాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఇక వెళ్ళొచ్చమ్మా అన్నారు ఎవరో. నేను కూర్చునే ఉన్నాను. అతను పెన్ను చేతిలోకి తీసుకునేదాకా లేవలేదు.